ఎలుకలు రాలినప్పుడు

హోసూరు, కృష్ణగిరి సీమను గురించి ఈ ఉగాది సంచికకు ఏదైనా వ్రాయుమని మిత్రులు కోరినారు. కొండమీది కోటలను గురించి వ్రాస్తామని వారు అనుకొని ఉంటారు. మేము ప్లేగును గురించి వ్రాస్తున్నాము. పండుగపూట ఇదేమి ప్రసంగమని పాఠకులు నొచ్చుకోకుందురు గాక. మా ఇండ్లలో పెద్దలు చెప్పిన పాత ముచ్చట్లలో చాలాభాగం "ఊరు విడిచిన యేడు" అనే మాటతోనే మొదలయ్యేవి.

1896లో బొంబాయిలో తలయెత్తిన ఈ జాడ్యం రైలుమార్గాన దక్షిణానికి దిగి, 1898 ఆగస్టులో బెంగుళూరు చేరినది. హోసూరు అక్కడికి పాతిక మైళ్లు. నాడు బెంగుళూరు మైసూరు సంస్థానంలోనిది. మన తాలూకాలు మద్రాసు రాజధానిలో సేలం జిల్లావి. మద్రాసు ప్రభుత్వం ప్రయాణికులకు ప్లేగు పాసుపోర్టులు పెట్టినది. మనుషులకు పాసుపోర్టు సరే, ధాన్యపు బస్తాల సందున దాగిన ఎలుకను అడిగేదెవరు?

ఇంతకూ రోగం ఎలుకది. దాని క్రిమిని 1894లో హాంకాంగులో యెర్సిన్ అనే వైద్యుడు కనిపెట్టినాడు. ఎలుక ఒంటిమీద రక్తం త్రాగి బ్రతికే చిన్న పురుగు ఉన్నది. ఎలుక చచ్చి చల్లబడగానే ఆ పురుగు దానిని విడిచి మనిషిని కరుస్తుంది. గజ్జలలోనో చంకలలోనో బిళ్లలు కట్టి, తీవ్రమైన జ్వరంతో మనిషి కొద్దిరోజులలోనే పోయేవాడు. పురుగు సంగతిని 1898లోనే కరాచీలో సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు చూపించినాడు గాని, పెద్దలు ఆయన మాట వెంటనే నమ్మలేదు. దొరతనంవారు గోడలకు మందునీళ్లు కొట్టించి, రోగులను శిబిరాలకు పంపుతూ ఉండిరి.

ఇక్కడ మన పల్లెవారిని గురించి ఒక మాట చెప్పాలి. ఇంట ఎలుక రాలిందంటే, ఎవరి ఉత్తరువూ లేకుండానే ఊరివెలుపల చేలల్లో బోద గుడిసెలు వేసుకొని మకాం మార్చేవారట. అమ్మవారి ఆగ్రహమని వారు అనుకొన్నారు. కారణం తప్పు, చేసినపని ఒప్పు. అయితే కదలలేని ముసలివారిని ఏమిచేసినారని అడిగితే, చెప్పే పెద్దలు ఆ చోట మాట మార్చేవారు. జబ్బుపడినవారిని శిబిరానికి పట్టుకొని పోతారని అటకలమీద దాచినవారూ ఉన్నారట. వారిని మేము తప్పు పట్టలేము.

బెంగుళూరువారు మాత్రం ఇరుకు పేటలు విడిచి బసవనగుడి, మల్లేశ్వరం అనే కొత్త పేటలు కట్టుకొన్నారు. మన పల్లెలకు గుడిసెలే దక్కినవి. కోయంబత్తూరులో నేటికీ ప్లేగు మారియమ్మకు గుడి ఉన్నది.

స్ట్రెప్టోమైసిన్ వచ్చిన పిమ్మట ఈ చావులు తగ్గినవి. 1966లో కోలారు జిల్లా ముళబాగిలులో కనబడిన ప్లేగు తరువాత, 1994లో మహారాష్ట్రలోను సూరతులోను కలకలం రేగేవరకూ దేశంలో మనుషులకు ప్లేగు సోకిన వార్త లేదు. కాని ఆంధ్ర, కర్ణాటక, తమిళ సీమలు కలిసే ఈ మూల పొలాలలో, బొరియల ఎలుకల నెత్తుట దాని జాడలు పరిశోధకులకు ఆ తరువాత కూడా దొరికినవి. హోసూరులోని ప్రభుత్వ సంస్థలో అందుకే ఎలుకలను బోనులలో పట్టి, వాటి బొచ్చు దువ్వి, రాలిన పురుగులను లెక్కపెడుతూ వచ్చినారు.