ఫ్రీక్వెన్సీ సెపరేషన్

ఒక ఫోటోలోని రంగునూ వెలుగునీడలనూ ఒక పొరలోకి, చర్మపు టెక్స్‌చర్, వెంట్రుకలు, సన్నని గీతలను ఇంకో పొరలోకి విడదీసి, ఒకదాని జోలికి పోకుండా రెండోదాన్ని దిద్దే డిజిటల్ రీటచింగ్ పద్ధతిని ఫ్రీక్వెన్సీ సెపరేషన్ అంటారు. ఫ్యాషన్ ఫోటోలు, సౌందర్య సాధనాల ప్రకటనలు, పెళ్లి ఆల్బమ్‌లు, అమ్మకానికి పెట్టే వస్తువుల ఫోటోలు దీని ప్రధాన రంగాలు. చర్మాన్ని నున్నగా చేసే చిట్కాగా దీనికి పేరు పడిపోయింది కానీ, నున్నగా చేయడమే కావాలంటే మామూలు బ్లర్ చాలు, ఇంత శ్రమ అక్కర్లేదు. ఎర్రగా కందిన చోట ఎరుపు తగ్గించినా అక్కడి చర్మ రంధ్రాలు చెదరవు. నుదుటి మీద పడిన వెంట్రుక తీసేసినా దాని కింద చర్మం రంగు మారదు. ఈ పద్ధతి విలువ అక్కడుంది.

సూత్రం

పిక్సెల్ నుంచి పిక్సెల్‌కు వెలుగు ఎంత వేగంగా మారుతోందన్నదే ఇక్కడ ఫ్రీక్వెన్సీ, అంటే పౌనఃపున్యం. చెంప నుంచి దవడ వైపు మెల్లగా దిగే నీడది తక్కువ ఫ్రీక్వెన్సీ. కనుబొమల వెంట్రుకలు, ముక్కు మీది రంధ్రాలు, చీర నేతలోని పోగులు ఎక్కువ ఫ్రీక్వెన్సీవి. చెక్కుడు గోడ మీద ఏటవాలుగా ఎండ పడినప్పుడు గోడంతా పరుచుకున్న వెలుగు ఒకటి, ఇసుక రేణువుల వెంట కనిపించే చిన్నచిన్న నీడలు ఇంకొకటి. కంటికి రెండూ కలిసే కనిపిస్తాయి గాని లెక్కలో విడదీయవచ్చు.

సంక్లిష్టమైన మార్పునైనా వేర్వేరు వేగాల అలల మొత్తంగా చూడవచ్చన్న ఆలోచనకు మూలం ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ ఫోరియర్ ఉష్ణ ప్రసరణ మీద 1822లో ప్రచురించిన గ్రంథం. మనిషి చూపు కూడా వేర్వేరు ఫ్రీక్వెన్సీలను వేర్వేరు మార్గాల్లో అందుకుంటుందని 1968లో ఫెర్గస్ క్యాంప్‌బెల్, జాన్ రాబ్సన్‌ల ప్రయోగాలు సూచించాయి. రీటచింగ్‌కు మరింత దగ్గరి పూర్వికులు పీటర్ బర్ట్, ఎడ్వర్డ్ ఏడెల్సన్. వారు 1983లో వివరించిన లాప్లేసియన్ పిరమిడ్‌లో బొమ్మను బ్లర్ చేస్తారు, ఆ బ్లర్‌ను అసలు బొమ్మలోంచి తీసివేసి మిగిలిన తేడాను విడిగా దాస్తారు, మిగిలిన బ్లర్ బొమ్మ మీద మళ్లీ అదే పని చేస్తూ పోతారు. ఈ మెట్లలో ఒకే ఒక్క మెట్టును రీటచర్లు వాడుకుంటున్నారు.

చూసే దూరాన్ని బట్టి ఏ ఫ్రీక్వెన్సీ మన కంటికి ఆనుతుందో మారిపోతుంది. ఓడ్ ఒలీవా, ఆంటోనియో టొరాల్బా, ఫిలిప్ షిన్స్ 2006లో ప్రచురించిన హైబ్రిడ్ చిత్రాల పని ఈ సంగతి మీదే నిలబడింది. ఆ కోవలో ఒలీవా చేసిన ప్రసిద్ధ చిత్రాన్ని దగ్గర నుంచి చూస్తే ఐన్‌స్టీన్, దూరం నుంచి చూస్తే మార్లిన్ మన్రో. రీటచర్‌కు ఇందులో పనికొచ్చే హెచ్చరిక ఉంది. ఫోటోను 200 శాతానికి పెంచుకుని దిద్దేవారికి టెక్స్‌చర్ తప్ప మరేదీ కనిపించదు. రంగు పొరలో తాము చేసిన మచ్చలు మచ్చలుగా ఉన్న పని, ఫోటో మొత్తం తెరకు కుదించి చూసినప్పుడే బయటపడుతుంది.

విడదీసే తీరు

అడోబీ ఫోటోషాప్‌లో అసలు లేయర్‌కు రెండు నకళ్లు తీస్తారు. కింది నకలు మీద గాసియన్ బ్లర్ వేస్తారు. పై నకలు మీద అప్లై ఇమేజ్ తెరిచి, కింది నకలును మూలంగా ఎంచుకుంటారు. ఫైలు 8 బిట్‌లది అయితే బ్లెండింగ్ సబ్‌ట్రాక్ట్, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 128. అదే 16 బిట్‌లది అయితే యాడ్, ఇన్వర్ట్ టిక్కు, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 0. చివరికి పై నకలు బ్లెండ్ మోడ్‌ను లీనియర్ లైట్‌కు మారుస్తారు. ఇంత చేశాక ఫోటో మొదట ఉన్నట్టే కనిపించాలి. రవ్వంత తేడా కనిపించినా అంకెల్లో ఎక్కడో తప్పు జరిగిందన్నమాట, వెనక్కి వెళ్లి సరిచేసుకోవాలి.

ఈ అంకెలను బట్టీ పట్టేవారే ఎక్కువ, కానీ వాటి వెనక లెక్క సులువే. చెంప మీద ఒక పిక్సెల్ విలువ 180, బ్లర్ పొరలో అదే చోట 170 అనుకుందాం. తేడా 10. దాన్ని స్కేల్‌తో సగం చేస్తే 5. మధ్య బూడిదరంగైన 128కి కలిపితే 133. పై పొరలో నిలిచేది ఈ 133. లీనియర్ లైట్ చేసేది దీనికి సరిగ్గా తిరుగుడు లెక్క: 133 లోంచి 128 తీసేసి, మిగిలిన 5ను రెట్టింపు చేసి, కింది 170కి కలుపుతుంది. మళ్లీ 180. తేడా 11 అయి ఉంటే సగం అయిదున్నర, 8 బిట్‌లలో అరకు చోటు లేదు కాబట్టి ఒక మెట్టు అటో ఇటో పోతుంది. ఆ ఒక్క మెట్టు కంటికి కనిపించకపోయినా, ఆ తర్వాత కాంట్రాస్ట్ పెంచే పని ఉంటే 16 బిట్‌ల ఫైలు మీద చేయడమే మేలు.

ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్‌లో గ్రెయిన్ ఎక్స్‌ట్రాక్ట్, గ్రెయిన్ మెర్జ్ అనే మోడ్‌ల జతతో ఇదే పని జరుగుతుంది. 2018లో వచ్చిన గింప్ 2.10 నుంచి వేవ్‌లెట్ డీకంపోజ్ కూడా అందులోనే ఉంది. అది రెండుకు బదులు అనేక పొరలు ఇస్తుంది. అఫినిటీ ఫోటోలో ఈ పద్ధతి నేరుగా ఒక ఫిల్టర్‌గా దొరుకుతుంది.

విడదీయడం అయ్యాక అసలు లేయర్‌లో చేసిన మార్పులు పై పొరలకు రావు. కాబట్టి రా ఫైల్ రంగులు సరిచేయడం, ఎగిరిపడ్డ వెంట్రుకలు, అప్పుడే వచ్చిన మొటిమలు మామూలు హీలింగ్ బ్రష్‌తో తీసేయడం ముందే ముగించాలి. నిజానికి చాలా ఫోటోలకు ఆ హీలింగ్‌తోనే పని అయిపోతుంది. 2002లో ఫోటోషాప్ 7తో వచ్చిన ఆ బ్రష్, తెచ్చిన టెక్స్‌చర్‌ను అతికించే చోటి రంగుకు తానే కలుపుకుంటుంది.

వ్యాసార్థం

బ్లర్ వ్యాసార్థం ఎంత ఉండాలన్న ప్రశ్నకు ఒకే అంకె జవాబు కాదు. సాధారణ నియమం ఇది: చర్మ రంధ్రాలు కనిపించకుండా పోయేదాకా పెంచి, ముక్కు, పెదవుల ఆకారం కరిగిపోకముందే ఆపాలి. 24 మెగాపిక్సెళ్ల ఫోటోలో ముఖమే ఫ్రేమంతా నిండి ఉంటే ముఖం పొడవు 3,000 పిక్సెళ్లు ఉండవచ్చు. అదే కెమెరాతో వధూవరులను పీటల మీద నిలువునా తీస్తే ముఖానికి దక్కేది 300 పిక్సెళ్లే. మొదటిదానికి సరిపోయిన 10 పిక్సెళ్ల వ్యాసార్థం రెండోదానికి పదింతలు ఎక్కువ. పైగా అంత చిన్న ముఖంలో రంధ్రాలే నమోదు కావు, విడదీయడానికి టెక్స్‌చర్ అంటూ ఏమీ ఉండదు. ఒక వ్యాసార్థంతో యాక్షన్ రికార్డు చేసి పెళ్లి ఆల్బమ్‌లోని వందల ఫోటోలకు ఒకేసారి నడిపించడం వల్లే పెళ్లివారందరి ముఖాలూ ఒకే మైనపు అచ్చులోంచి వచ్చినట్టు తయారవుతున్నాయి. తప్పు పద్ధతిది కాదు, యాక్షన్‌ది.

గాసియన్ బ్లర్ కత్తితో కోసినట్టు విడదీయదని కూడా గుర్తుంచుకోవాలి. వ్యాసార్థాన్ని ప్రామాణిక విచలనంగా తీసుకుని లెక్కిస్తే, 8 పిక్సెళ్ల బ్లర్ దగ్గర సుమారు 43 పిక్సెళ్లకొకసారి వచ్చే అల సగం కింది పొరకూ సగం పై పొరకూ పోతుంది. దానికంటే సన్ననివి ఎక్కువ భాగం పైన, వెడల్పైనవి ఎక్కువ భాగం కింద. సరిగ్గా ఆ మధ్య పరిమాణంలో ఉన్న గుంటలు, ముడతలు రెండు పొరల్లోనూ ఉంటాయి, ఏ ఒక్క పొరలో దిద్దినా పూర్తిగా పోవు.

పొరల మీద పని

పై పొరలో క్లోన్ స్టాంప్ గాని, హీలింగ్ బ్రష్ గాని వాడేటప్పుడు శాంపిల్ కరెంట్ లేయర్ అని ఉండాలి. టెక్స్‌చర్ ఎక్కడి నుంచి తెస్తున్నామన్నదే అసలు నైపుణ్యం. నుదుటి రంధ్రాలు, చెంప రంధ్రాలు ఒకలా ఉండవు. లైటు ఎడమ నుంచి పడితే రంధ్రం అంచున మెరుపు ఒకవైపే ఉంటుంది. కుడి చెంప టెక్స్‌చర్ తిప్పి ఎడమ చెంపకు అతికిస్తే ఆ మెరుపు ఎదురు తిరుగుతుంది. ఫోకస్ సంగతీ అంతే. కంటి పక్కన పదునుగా ఉన్న చర్మాన్ని ఫోకస్ తప్పిన చెవి దగ్గర పెడితే అతుకు అక్కడే పట్టిస్తుంది.

కింది పొరలో అలవాటైన పని లాసోతో మెత్తని అంచుల ఎంపిక చేసి, ఆ ముక్క మీద మళ్లీ గాసియన్ బ్లర్ వేయడం. ఎక్కువ ముఖాలు పాడయ్యేది ఈ దశలోనే. చెంప ఎముక కింది నీడ, ముక్కు పక్కన మలుపు, గడ్డం గుంట ముఖానికి ఆకారం ఇచ్చేవి. అవన్నీ ఈ పొరలోనే ఉంటాయి. రంగు మచ్చలతో పాటు వాటినీ చదును చేస్తే, పైన రంధ్రాలు చెక్కుచెదరకుండా ఉన్నా ముఖం ప్లాస్టిక్‌లా అవుతుంది. టెక్స్‌చర్ ఉంది కదా, సహజంగానే ఉందని దిద్దినవారు భ్రమపడతారు. ఇంతకన్నా మెరుగైన దారి రెండు పొరల మధ్య ఖాళీ లేయర్ పెట్టి, పక్క చర్మం రంగు తీసుకుని, తక్కువ ఫ్లోతో మెత్తని బ్రష్‌ను కొద్దికొద్దిగా నడపడం. ఎక్కువైతే ఆ లేయర్ అపాసిటీ తగ్గించుకోవచ్చు, నచ్చకపోతే తీసేయవచ్చు. కింది పొరనే బ్లర్ చేసి ఫైలు మూసేశాక ఆ వీలుండదు.

దవడ అంచు, జుట్టు మొదలు, పెదవి గీత లాంటి గట్టి అంచుల దగ్గర ఇంకో చిక్కు ఉంది. బ్లర్ వల్ల కింది పొరలో రెండు వైపుల రంగులూ ఒకదానిలోకొకటి ఒలుకుతాయి. ఆ ఒలికిన రంగును రద్దు చేసే అంచు పై పొరలో ఉంటుంది. కింద మాత్రమే మార్చితే రద్దు లెక్క తప్పి, అంచు వెంట తెల్లని లేదా నల్లని హాలో తేలుతుంది. అందుకే ఎంపిక ఎప్పుడూ అంచుకు లోపలే ఆగాలి. పెళ్లికూతురి నగలు, చీర జరీ, జడలోని పూలు అన్నీ గట్టి అంచులే కాబట్టి వాటిని ఈ పద్ధతికి దూరంగా ఉంచడం మంచిది.

పుట్టుమచ్చలో రంగూ ఉంటుంది, ఉబ్బూ ఉంటుంది. పై పొరలో తీసేస్తే కింద మసక నలుపు మిగులుతుంది, రెండింటిలోనూ తీయాలి. కానీ తీయడానికి ముందు ఆ మనిషిని అడగాలి. తెలుగు రాష్ట్రాల పదో తరగతి సర్టిఫికెట్లలో గుర్తింపు చిహ్నాలుగా రాసేవి ఎక్కువగా పుట్టుమచ్చలే, అలాంటిదాన్ని మచ్చగా జమకట్టి చెరిపేసే హక్కు రీటచర్‌కు లేదు. పెళ్లిలో పెట్టిన బుగ్గచుక్కను కూడా మచ్చ అనుకుని తీసేసే ప్రమాదం ఉంది, ఆల్బమ్ తెరవగానే పెద్దవాళ్లు పట్టుకుంటారు.

పరిమితులు, ప్రత్యామ్నాయాలు

కళ్ల కింద ఉబ్బు, పెదవుల పక్క ముడత, మొటిమలు మానాక మిగిలిన గుంటలు మధ్య ఫ్రీక్వెన్సీలోవి. వీటికి డాడ్జ్ అండ్ బర్న్, అంటే చీకటి చోట కొంచెం వెలుగు, వెలుగు చోట కొంచెం చీకటి బ్రష్‌తో వేసుకుంటూ పోవడమే సరైన పని. నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసిన పాత స్టూడియో పనివాళ్ల విద్య ఇదే: పెన్సిల్ గీత పడిన చోట నెగెటివ్ ముదిరి, ప్రింట్‌లో ముడత తేలికపడేది. గంటల పని గనుక ఖర్చు ఎక్కువ. పెద్ద ప్రకటనల రీటచర్లు ఎక్కువ సమయం దీనికే ఇచ్చి, ఫ్రీక్వెన్సీ సెపరేషన్‌ను మేకప్ పేరుకున్న చోటు, ఫ్లాష్ మెరుపు, జాకెట్టు బట్ట మీద మరక, పేపర్ బ్యాక్‌డ్రాప్ ముడత లాంటి చిన్న పనులకు పరిమితం చేస్తారు. అది సరైన పంపకం. 2020 అక్టోబరులో ఫోటోషాప్‌లోకి వచ్చిన న్యూరల్ ఫిల్టర్లలో స్కిన్ స్మూతింగ్ ఉంది. తొందర పనికి పరవాలేదు, కానీ ఏది ఎంత మార్చాలన్న నిర్ణయం చాలావరకు మన చేయి దాటిపోతుంది.

చట్టాలు, నిబంధనలు

బ్రిటన్‌లో ప్రకటనల ప్రమాణాల సంస్థ 2011లో జూలియా రాబర్ట్స్, క్రిస్టీ టర్లింగ్టన్ కనిపించిన రెండు సౌందర్య ప్రకటనలను అతిగా దిద్దారన్న ఫిర్యాదులపై నిలిపివేయించింది. ఫ్రాన్స్‌లో 2017 అక్టోబరు 1 నుంచి, వాణిజ్య ప్రకటనల్లో మోడళ్ల శరీరాన్ని సన్నగానో లావుగానో మార్చితే ఫోటోను దిద్దినట్టు రాయాలి. నార్వేలో 2022 జూలై నుంచి అమల్లో ఉన్న నియమం ఇంకో అడుగు ముందుకు వేసి శరీర ఆకారం, పరిమాణంతో పాటు చర్మంలో చేసిన మార్పులకూ లేబుల్ తప్పనిసరి చేసింది. ఫ్రీక్వెన్సీ సెపరేషన్‌తో చేసే పని నేరుగా దీని కిందికి వస్తుంది. మన ఊళ్ల స్టూడియోలకు దగ్గరి నియమం అమెరికా వీసా ఫోటోది. ఆ ఫోటోలో ముఖం రూపాన్ని డిజిటల్‌గా మార్చడం నిషిద్ధం, కాబట్టి స్టూడియోలో ఎంత అందంగా దిద్దగలిగినా అక్కడ ఈ పద్ధతి వాడకూడదు.