చిత్రనాణ్యతకు తీర్పరి ఎవరు?

1951లో అమెరికా వాయుసేన ఒక పరీక్షాపటమును నిర్ణయించినది. అందు మూడేసి గీతలు క్రమముగా సన్నబడుచుండును. ఎంత సన్నని గీతలు విడివిడిగా కనబడునో, అదియే కటకపు పృథక్కరణ సామర్థ్యము.

కాని కదలు బొమ్మకు గీతలు మాత్రమే చాలవు. చూచు కన్నును కావలెను. ఒక్కరి కన్ను పొరబడవచ్చును. అందుచే అంతర్జాతీయ రేడియో సలహా సంఘము టెలివిజను చిత్రములకై 1974లో 500వ సిఫారసును వెలువరించినది. దాని ననుసరించి పలువురు ప్రేక్షకులు నిర్ణీత దూరమున కూర్చుండి, 5 నుండి 1 వరకు మార్కులు వేయుదురు. అందలి ఒక పద్ధతిలో మూలచిత్రమేదో వారికి తెలియనీయరు.

2008లో పానసోనిక్ జి1 అను అద్దములేని కెమెరా వచ్చినది. 2009లో వచ్చిన జిహెచ్1 వీడియోను కూడ తీయగలిగినది. అట్టి కెమెరాను మెచ్చుకొను సమీక్షను చదువునపుడు అడుగవలసినది ఇదే: ఒకే దృశ్యమును ఒకే వెలుతురులో తీసి, పేర్లు దాచి పోల్చినారా? సమీక్షకుని కీర్తి కాదు, పరీక్షించిన విధమే అతని మాటకు ప్రమాణము.