భుజం మీది చెయ్యి

లండన్ ఈస్ట్ ఎండ్‌లో బ్రిక్ లేన్ అని ఒక వీధి. దాని మీద ఫోర్నియర్ స్ట్రీట్ మూలన పాత ఇటుకల కట్టడం ఒకటి ఉంది. ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లు 1743లో దాన్ని ప్రార్థనకోసం కట్టుకున్నారు. తర్వాత మెథడిస్టుల చేతికి వచ్చింది. 1890ల చివర యూదుల సినగాగ్ అయింది. 1976 నుంచి మసీదు. గోడలు మారలేదు. వాటిమధ్య తలదాచుకున్న మనుషులు మారారు.

మసీదు కథ మనలో చాలామంది చెప్పుకుంటాం. దానికి ముందు అదే గల్లీల్లో పెరిగిన యూదు కుర్రాళ్ల సంగతి ఎవరికీ అంతగా పట్టదు. ఆ కుర్రాళ్ల గురించీ, సాయంత్రం పూట జీతం బత్తెం లేకుండా వచ్చి వాళ్ల భుజం మీద చెయ్యి వేసిన పెద్దల గురించీ చెబుతాను. ఆ చెయ్యి ప్రేమతో వేసిందా, భయంతో వేసిందా?

1881లో రష్యా జారు హత్య జరిగింది. ఆ పాపం యూదుల నెత్తిన పడింది. ఊళ్లకు ఊళ్లు దోపిడీలు, దహనాలు. అప్పటినుంచి 1914 దాకా లక్షకు పైగా యూదులు బ్రిటన్ చేరి స్థిరపడ్డారు. ఎక్కువమంది ఓడ దిగిన రేవు పక్కనే, వైట్‌చాపెల్, స్టెప్నీ వాడల్లోనే ఆగిపోయారు. కుట్టుపని, చెప్పుల పని, సిగరెట్ల పని. ఒక గదిలోనే కాపురం, కార్ఖానా రెండూ. బడి ఈడు దాటీ దాటకముందే పిల్లలు సూది పట్టేవాళ్లు. వచ్చినవాళ్లు ఇళ్ల అద్దెలు పెంచారనీ, పనులు లాక్కున్నారనీ, మురికి తెచ్చారనీ ఊరంతా గోల. 1901లో 'బ్రిటిష్ బ్రదర్స్ లీగ్' అని ఒక సంఘం పుట్టి వీధుల్లో ఊరేగింది. పేరు చూడండి, సోదరులట! 1905లో బయటివాళ్ల రాకను అడ్డుకునే ఏలియన్స్ చట్టం వచ్చింది.

అదే లండన్‌లో ఇంకోవైపు ఇంకో రకం యూదులున్నారు. తరాలనాడే వచ్చి స్థిరపడ్డవాళ్లు, బ్యాంకులవాళ్లు, నగల వ్యాపారులు. 1858లోనే ఒక రోత్‌షీల్డ్ పార్లమెంటులో కూర్చున్నాడు. తమని ఆంగ్లేయులుగా ఒప్పించుకోవడానికి వాళ్లకు వందేళ్లు పట్టింది. ఇప్పుడు ఈ గడ్డాలవాళ్లు, యిడ్డిష్ మాట్లాడేవాళ్లు, వీధిలో గట్టిగా బేరాలాడేవాళ్లు దిగారు. మెజారిటీవాడి కళ్లకు ఇద్దరూ ఒకటేగా! అక్కడ ఒక కుర్రాడు జేబు కొడితే ఇక్కడ పెద్దమనిషి తల వంచుకోవాలి. మైనారిటీలో పుట్టినవాడికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ తల వంచుకోవడంలోంచే క్లబ్బులు పుట్టాయి. 1893లో లిలీ మాంటేగు అనే ఇరవయ్యేళ్ల పిల్ల కార్ఖానాల్లో పనిచేసే యూదు ఆడపిల్లలకోసం ఒక క్లబ్బు పెట్టింది. 1895లో కల్నల్ ఆల్బర్ట్ గోల్డ్‌స్మిడ్ 'జ్యూయిష్ లాడ్స్ బ్రిగేడ్' పెట్టాడు. 1896లో బ్రేడీ స్ట్రీట్‌లో మగపిల్లల క్లబ్బు వచ్చింది.

గోల్డ్‌స్మిడ్ మన పూణేలోనే పుట్టాడు, 1846లో. తల్లిదండ్రులు క్రైస్తవం తీసుకున్నారు, అతన్నీ అలాగే పెంచారు. తమది యూదు వంశమని పెద్దయ్యాక తెలుసుకుని వెనక్కి తిరిగాడు. అలా వెతుక్కుని యూదుడైన మనిషి, యూదు కుర్రాళ్లకు ఏం నేర్పాడు? డ్రిల్లు, యూనిఫాం, బ్యూగిల్, సముద్రపు ఒడ్డున గుడారాల్లో కాపురం. గెట్టో బతుకులో వంగిపోయిన వీపుని నిటారు చెయ్యాలనేది ఆ బ్రిగేడ్ పెద్దల మాట. కుట్టుమిషను ముందు పన్నెండు గంటలు కూర్చున్నవాడి వీపు వంగుతుంది, నిజమే. దానికి మందు పని గంటలు తగ్గించడమా, డ్రిల్లా? ఆ ప్రశ్న క్లబ్బుల్లో అందరూ అడగలేదు. లిలీ మాంటేగు అడిగింది. ఆడపిల్లల కూలి గురించీ, కార్ఖానాల గాలీ వెలుతురు గురించీ ఆమె పోరాడింది. అందుకే నాకు ఆమె మీద గౌరవం ఎక్కువ.

ఆమె తమ్ముడు ఎడ్విన్ పేరు మనం చిన్నప్పుడు బళ్లో బట్టీ పట్టాం. మాంటేగు-ఛెమ్స్‌ఫర్డ్ సంస్కరణల మాంటేగు అతనే. 1917లో బాల్ఫోర్ ప్రకటనని బ్రిటిష్ మంత్రివర్గంలో గట్టిగా ఎదిరించినవాడూ అతనే. యూదులకు వేరే దేశం ఉందంటే, రేపు నన్ను ఇక్కడ పరాయివాడంటారు కదా అన్నది అతని భయం. 1922లో అతని మంత్రి పదవి పోయింది కూడా టర్కీ విషయంలో భారత ముస్లింల మనోభావాలను తెలిపే ఢిల్లీ టెలిగ్రాం అచ్చు వేయించినందుకే. దేశభక్తి పరీక్ష మంత్రిని కూడా వదల్లేదు. కుట్టుపని కుర్రాణ్ని వదులుతుందా?

ఇక బాసిల్ హెన్రిక్స్. 1890లో కలవారింట పుట్టాడు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. అక్కడ క్రైస్తవ విద్యార్థులు లండన్ పేదవాడలకు వెళ్లి పిల్లల మధ్య పనిచెయ్యడం చూశాడు. మనవాళ్లకు మనమెందుకు చెయ్యకూడదు అనుకున్నాడు. 1914 మార్చిలో కానన్ స్ట్రీట్ రోడ్డులో కొద్దిమంది కుర్రాళ్లతో క్లబ్బు తెరిచాడు. ఏడాది తిరిగేసరికి రోజ్ లోవె ఆడపిల్లల క్లబ్బు మొదలెట్టింది. 1916లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఆ సెప్టెంబరులోనే యుద్ధచరిత్రలో మొట్టమొదట కదిలిన ట్యాంకుల్లో ఒకదాన్ని నడిపించి గాయపడ్డాడు. తిరిగొచ్చి మళ్లీ క్లబ్బులోనే పడ్డాడు.

పొద్దున దానం ఇచ్చి సాయంత్రం బంగళాకు పోయే రకం కాదు. దంపతులిద్దరూ ఆ వాడలోనే కాపురం పెట్టారు. పిల్లలు ఆయన్ని 'గాఫర్' అనీ ఆమెని 'మిస్సస్' అనీ పిలిచేవాళ్లు. కార్ఖానా భాషలో గాఫర్ అంటే మేస్త్రీ. చిన్న చందా కట్టి కుర్రాళ్లు లోపలికొచ్చేవాళ్లు. కసరత్తు, బాక్సింగ్, నాటకాలు, వాదోపవాదాలు, ఎండాకాలం క్యాంపు. ఆటలయ్యాక చివర్లో ప్రార్థన. దారి తప్పినవాడి ఇంటికి వెళ్లి కూర్చునేవాడు. తర్వాత బాలనేరస్థుల కోర్టులో మేజిస్ట్రేటుగా కూడా చాలాకాలం చేశాడు. సిగరెట్ల వ్యాపారి బెర్న్‌హార్డ్ బారన్ డబ్బిస్తే బెర్నర్ స్ట్రీట్‌లో పెద్ద భవనమే వచ్చింది.

ఇంత ప్రేమ కళ్లారా కనిపిస్తుంటే అనుమానించడం ఎందుకంటారా? ఒక్క విషయం చూడండి. క్లబ్బు భాష ఇంగ్లీషు. ఇంట్లో భాష యిడ్డిష్. గాఫర్‌తో కొడుకు గలగలా మాట్లాడతాడు, తల్లి గుమ్మంలో నిలబడి నవ్వుతుంది, అంతే. కొడుకుని వీధి నుంచి కాపాడుతున్న ఆ చెయ్యే వాణ్ని తల్లి నుంచి కూడా కాస్త జరుపుతోంది. పెద్దలకు ఇది తప్పుగా తోచలేదు. పాత వాసన వదిలితేనే కొత్త దేశం దగ్గరకు తీస్తుందని మనస్ఫూర్తిగా నమ్మారు. ప్రేమా భయమూ ఒకే చేతిలో ఉన్నాయి.

కుర్రాళ్లు మట్టిముద్దలు కారు. బాక్సింగ్ తీసుకున్నారు, క్యాంపు తీసుకున్నారు, ఉపన్యాసాన్ని చాలామంది గుమ్మం దగ్గరే వదిలేశారు. కొందరు జియోనిస్టులయ్యారు, కొందరు కమ్యూనిస్టులయ్యారు. మర్యాదస్తుల దృష్టిలో రెండూ తలనొప్పులే.

1936 అక్టోబరు 4, ఆదివారం. ఆస్వాల్డ్ మోస్లే నల్లచొక్కాల దళం ఈస్ట్ ఎండ్ మీదుగా కవాతు చేస్తానంది. ఆపమని దాదాపు లక్ష సంతకాలతో హోంమంత్రికి అర్జీ వెళ్లింది. ఆపలేదు. యూదుల బోర్డ్ ఆఫ్ డెప్యూటీస్ ఏమంది? ఇళ్లలోంచి బయటికి రావద్దంది. 'జ్యూయిష్ క్రానికల్' పత్రిక కూడా అదే రాసింది. గొడవలో యూదుడు కనిపిస్తే యూదులకే చెడ్డపేరట. నలభయ్యేళ్లుగా వీపు నిటారు చెయ్యడం నేర్పి, నిలబడాల్సిన రోజున కూర్చోమన్నారు.

కూర్చోలేదు. వేలకు వేల జనం కేబుల్ స్ట్రీట్‌కి దారితీశారు. యూదులు, ఐరిష్ రేవు కార్మికులు, కమ్యూనిస్టులు కలిసి అడ్డంగా బండ్లు పడేశారు. వేలమంది పోలీసులు లాఠీలతో తోసినా దారి తెరుచుకోలేదు. మోస్లే వెనక్కి మళ్లాడు. ఆ గుంపులో క్లబ్బుల్లో పెరిగినవాళ్లు ఎంతమందో ఎవరూ లెక్కపెట్టలేదు. కానీ ఆ వాడలో ఏదో ఒక క్లబ్బు గడప తొక్కని కుర్రాళ్లను వెతకడం అంత సులువు కాదు.

యుద్ధంలో బాంబులు వాడలో చాలా ఇళ్లను కూల్చాయి. మిగిలినవాళ్లు కాస్త డబ్బు చూశాక నగరం ఉత్తరపు శివార్లకు కదిలారు. ఖాళీ అయిన కుట్టు కార్ఖానాల్లో సిల్హెట్ నుంచి వచ్చిన బెంగాలీ ముస్లింలు కూర్చున్నారు. అదే సూది, అదే గది, అవే తిట్లు. 1978 మే 4 సాయంత్రం పని ముగించుకుని వెళ్తున్న అల్తాబ్ అలీ అనే కుట్టుపని యువకుణ్ని వైట్‌చాపెల్‌లో జాతివిద్వేషంతో పొడిచి చంపారు. పది రోజులకి వేలమంది అతని శవపేటిక వెంట ప్రధానమంత్రి వీధి దాకా నడిచారు. ముందు వరసలో నడిచింది కుర్రాళ్లు. అతను పడిపోయిన చోటికి దగ్గర్లో ఉన్న పార్కుకి 1998లో అతని పేరు పెట్టారు.

హెన్రిక్స్ 1961లో పోయాడు. బెర్నర్ స్ట్రీట్ ఇప్పుడు హెన్రిక్స్ స్ట్రీట్. బ్రేడీ ఆడపిల్లల క్లబ్బుకోసం హాన్‌బరీ స్ట్రీట్‌లో 1935లో కట్టిన భవనం తర్వాత అందరి కళాకేంద్రంగా మారింది. బ్రిక్ లేన్ మసీదు నుంచి అక్కడికి నడిచే వెళ్లొచ్చు.