స్టాటిక్ చలరాశి: పూర్వచరిత్ర

తెలుగును కన్నడమును కలసి వినవచ్చు పావగడ తాలూకాయందు, తిరుమణి మొదలగు ఐదు గ్రామముల మెట్టనేలలపై దాదాపు 13,000 ఎకరముల మేర వెలసిన 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్క్షేత్రము వంటి చోట్ల, ఇన్వర్టరులలోని చిన్న ప్రాసెసరులకు ఆజ్ఞలు సాధారణముగా సీ భాషలోనే వ్రాయబడును. మాటిమాటికి పిలువబడి ముగియు ఫంక్షను వెనుకటి పిలుపున కూడిన మొత్తమును మరువకుండవలెనన్నచో, ఆశ్రయింపదగినది స్టాటిక్ చలరాశియే.

ఈ భావము సీ భాషతో పుట్టినది కాదు. 1960 నాటి ఆల్గాల్ ప్రోగ్రామింగ్ భాషా నివేదికలోనే, బ్లాకును వీడి మరల ప్రవేశించినపుడును విలువ చెడని 'ఓన్' చలరాశులు కలవు. అయితే వానికి తొలివిలువ నొసగు మార్గమును ఆ నివేదిక చూపలేదు, అది చిన్న లోపము కాదు. 1972 ప్రాంతమున బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ తీర్చిన సీ భాషయందు ఆ కొరత తీరెను: తొలివిలువ ఒక్కమారే నిలుపబడును, చెప్పనిచో అది సున్న యగును. పేరు తన బ్లాకు వెలుపల కానరాకున్నను, విలువ మాత్రము ప్రోగ్రాము ముగియువరకు జీవించును. విద్యుత్తు ఆగి ప్రోగ్రాము నిలిచినచో నశించును గావున, దీర్ఘకాలపు లెక్కలను ఫ్లాష్ స్మృతిలో వేరుగా భద్రపరుపవలయును. ఫంక్షనులకు వెలుపల వ్రాసినపుడు అదియే స్టాటిక్, ఆయువును మార్చక, ఆ పేరును ఇతర ఫైళ్లనుండి మరుగుపరచును; పెద్ద ప్రోగ్రాములను పలువురు పంచుకొని వ్రాయుటకు ఈ మరుగే మిక్కిలి తోడ్పడినదని నా విశ్వాసము.