అనుకరణ సమస్య - ఎట్రుస్కన్ కుమ్మరుల సాక్ష్యం

మన విమర్శలో 'అనుకరణ' అన్న మాట తీర్పుగా చెలామణీ అవుతోంది. ఫలానా కవి ఫలానా కవిని అనుకరించాడని తేలిస్తే విమర్శకుడి పని అయిపోయినట్టే. ఏం తీసుకున్నాడు, ఎందుకు తీసుకోవలసి వచ్చింది, తీసుకున్నదాన్ని ఎవరికోసం ఏం చేశాడు అన్న ప్రశ్నలు ఆ మాట దగ్గరే ఆగిపోతాయి. సాహిత్యంలో ఈ సంగతి తర్కించబోతే మన అభిమానాలు, పాతకక్షలు అడ్డొస్తాయి. అందుకని మనకి ఏ పక్షమూ లేని చోటునుంచి ఉదాహరణ తీసుకుంటాను. ఇరవై ఆరు వందల ఏళ్ళ క్రితం ఇటలీలో కొందరు కుమ్మరులు గ్రీకు నగరమైన కొరింత్ కుండల్ని చూసి, అలాంటివే తామూ చేశారు. పురాతత్వజ్ఞులు వాటికి ఎట్రుస్కో-కొరింథియన్ కుండలని పేరు పెట్టారు. పేరులోనే తీర్పు ఉంది: సగం సొంతం, సగం ఎరువు. నేను హైస్కూల్లో తెలుగు చెప్పుకునేవాణ్ణి. ఈ కుండల్ని పుస్తకాల్లో బొమ్మలుగా చూసినవాణ్ణే తప్ప చేత్తో తాకినవాణ్ణి కాను. పైన చెప్పిన ప్రశ్నే నన్ను వీటిదాకా తీసుకొచ్చింది.

ఎట్రుస్కన్లు రోమ్‌కి ఉత్తరాన, ఈనాటి టస్కనీ, లాజియో ప్రాంతాల్లో నగరాలు కట్టుకున్న జాతి. ఇనుము, రాగి ఉన్న నేల వాళ్ళది. ఆ లోహాలకోసమే గ్రీకు ఓడలు, ఫినీషియన్ ఓడలు వాళ్ళ తీరానికి వచ్చాయి. గ్రీకుల దగ్గర అక్షరాలు నేర్చుకుని తమ భాష రాసుకున్నారు. ఆ భాషకి గ్రీకుతోగాని లాటిన్‌తోగాని చుట్టరికం లేదు. శాసనాలు వేల సంఖ్యలో దొరికాయి. కావ్యం ఒక్కటీ దొరకలేదు. రోమన్ చక్రవర్తి క్లాడియస్ వాళ్ళ చరిత్రని గ్రీకులో ఇరవై సంపుటాలుగా రాశాడు. అదీ మిగల్లేదు. కాబట్టి ఈ జాతి మనసు తెలుసుకోవాలంటే సమాధుల్లో మిగిలిన వస్తువుల్నే చదవాలి.

ముందు కొరింత్ సంగతి. క్రీ.పూ. 700 ప్రాంతంలో అక్కడి కుమ్మరులు ఒక పద్ధతి కనిపెట్టారు. బొమ్మని నీడలాగా నల్లగా పూస్తారు. పూత ఆరాక మొనతేలిన పనిముట్టుతో గీరి కన్ను, కండ, జూలు, ఈక తేలుస్తారు. గీరిన చోట అడుగునున్న లేతపసుపు మట్టి కనిపిస్తుంది. అక్కడక్కడ ఊదాఎరుపు, తెలుపు అద్దుతారు. ఆ నలుపు విడిగా కలిపిన రంగనుకుంటే పొరపాటు. మట్టిని నీళ్ళలో తేర్చి తీసిన సన్నని అడుసే ఆ పూత. ఆవంలో మొదట గాలి ఆడనివ్వాలి. తరువాత గాలి బిగించి పొగలో మగ్గనివ్వాలి. చివర మళ్ళీ గాలి వదలాలి. అప్పుడు పూత గాజులా బిగిసి నల్లగానే ఉండిపోతుంది, తక్కిన కుండ మాత్రం తన రంగుకి తిరిగొస్తుంది. ఒక్క కాల్పులోనే ఇన్ని దశలు. వేడిని కొలిచే సాధనం లేని రోజుల్లో మంట రంగునిబట్టి ఆ అదను కనిపెట్టినవాడి పనితనం ఎలాంటిదో, కుమ్మరి ఆవం దగ్గర ఒక రాత్రి నిలబడ్డవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

ఈ కుండల మీద సింహాలు, చిరుతపులులు, మేకలు, దుప్పులు, అడవిపందులు, మనిషి తలా సింహం ఒళ్ళూ ఉన్న రెక్కల స్ఫింక్స్‌లు వరుసకట్టి నడుస్తుంటాయి. మధ్య ఖాళీల్లో రేకుల పువ్వులు. సువాసన నూనె పోసుకునే పిడికెడు బుడ్లు, ద్రాక్షసారా ఒంపే కూజాలు ఈ బొమ్మలతో ఓడలెక్కి మధ్యధరా అంతటా తిరిగాయి. కొరింత్ పనితనానికి మచ్చుగా అందరూ చూపించే చీగీ కూజా కొరింత్‌లో దొరికింది కాదు. 1881లో వేయీ నగరం దగ్గర ఒక ఎట్రుస్కన్ సమాధిలో దొరికింది. జానెడు పైచిలుకు ఎత్తు. దానిమీద బారులు తీరిన యోధులు, వాళ్ళ నడకకి వేణువు ఊదే కుర్రవాడు. క్రీ.పూ. 640 ప్రాంతానిదని లెక్క. అదే సమాధిలో ఎట్రుస్కన్ అక్షరమాల గీసిన నల్లకుండ కూడా ఉంది. పరాయి వస్తువు, సొంత అక్షరం ఒకే గదిలో పక్కపక్కన ఉన్నాయన్నమాట.

ఈ కళ ఎట్రూరియాకి ఎలా వచ్చిందో చెప్పడానికి ప్రాచీనుల దగ్గర ఒక కథ ఉంది. కొరింత్‌ని ఏలిన బాకియాడ్ వంశాన్ని క్రీ.పూ. 657 ప్రాంతంలో కిప్సెలస్ కూలదోశాడు. ఆ వంశంవాడైన డెమరాటస్‌కి ఎట్రుస్కన్లతో అంతకుముందే బేరసారాలున్నాయి. అతను తర్క్వినియాకి పారిపోయి అక్కడే కాపురం పెట్టాడు. అతని కొడుకు రోమ్‌కి రాజయ్యాడని లివీ రాశాడు. డెమరాటస్ వెంట ముగ్గురు మట్టిపనివాళ్ళు వచ్చారనీ, వాళ్ళ పేర్లు యూకైర్, డియోపస్, యూగ్రామస్ అనీ ప్లీనీ రాశాడు. యూకైర్ అంటే మంచి చెయ్యిగలవాడు. యూగ్రామస్ అంటే మంచి గీతగలవాడు. ఇవి కన్నవాళ్ళు పెట్టిన పేర్లలా లేవు, పనికి తగిలించిన పేర్లు. కళ ఒక ప్రభువు వెంట పరివారంలాగా వచ్చిందనడం ఈ కథలో నాకు నచ్చని సంగతి. రాజుల పుట్టుక చెప్పే కథ కూడా కుమ్మరుల్ని వదిలెయ్యలేకపోయింది, అది నచ్చిన సంగతి.

కథ ఎలా ఉన్నా వలస వచ్చిన చేతులు ఉన్నమాట నిజమే. వుల్చి నగరంలో పనిచేసిన ఒకణ్ణి పండితులు 'వానకోయిలల చిత్రకారుడు' అంటారు. అతని గీత ఏజియన్ సముద్రపు తూర్పు ఒడ్డు గ్రీకుల గీత. అక్కడ నేర్చి ఇక్కడికి వచ్చాడనే అభిప్రాయం బలంగా ఉంది. అదే నగరంలో, అదే క్రీ.పూ. ఏడవ శతాబ్దం చివర, మరొకడు 'గడ్డపు స్ఫింక్స్ చిత్రకారుడు'. కొరింత్‌లో స్ఫింక్స్ ముఖం సాధారణంగా ఆడముఖం. ఇతను గడ్డం పెట్టాడు. ఎందుకు పెట్టాడంటే జవాబు లేదు. పెట్టాడు, అందువల్ల మనకి దొరికాడు. కొరింత్ పని తెలిసినవాడి దగ్గర నేర్చినవాడే అని గీత చెబుతుంది. మృగాల వరుస, గీరిన రేఖ, ఎరుపు అద్దకం అన్నీ గురువు దగ్గరివే. మృగాల బిగువు, వాటి మధ్య ఎడం, ఆ గడ్డం ఇతనివి. ఎట్రుస్కన్ చేతుల్లో సింహం కూడా మారింది. దాని నోట్లోంచి మనిషి కాలో చెయ్యో వేలాడుతుంటుంది. గ్రీకు కుండల మీద అరుదైన ఈ బొమ్మ ఎట్రూరియాలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. సమాధికోసం చేసే వస్తువు మీద మనిషిని మింగే మృగం ఊరికే రాదు.

కైరే నగరం దగ్గర ట్రాగ్లియటెల్లాలో దొరికిన కూజా ఇంకా ముందుకి పోయింది. క్రీ.పూ. 620 ప్రాంతానిది. పట్టీలుగా బొమ్మలు వెయ్యడం కొరింత్ దారే. ఆ పట్టీలో మాత్రం డాలు పట్టిన యోధులున్నారు, గుర్రపురౌతు వెనక ఒక కోతి కూర్చుంది, ఆ పక్కన చుట్లుచుట్లుగా ఒక పద్మవ్యూహం లాంటి బొమ్మ, దానిలో 'త్రుయియా' అని ఎట్రుస్కన్ లిపిలో మాట ఉంది. ట్రాయ్ నగరమని కొందరు, ఒక ఆటో నాట్యమో అని కొందరు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ వాదంలో నేను తలదూర్చను. గీత మోటుది, పొందిక లేదు. కొరింత్ కుమ్మరి చూస్తే నవ్వేవాడే. కాని చెప్పవలసింది ఉన్నవాడి గీత అది.

ఇక్కడ ఒక సంగతి గుర్తు చెయ్యాలి. అసలు కొరింత్ సింహం ఎవరిది? హంఫ్రీ పేన్ అనే ఆంగ్లేయ పండితుడు 1931లో ప్రచురించిన 'నెక్రోకొరింథియా'లో ఈ ప్రశ్నకి జవాబు ఉంది. మొదటి తరాల కొరింత్ సింహం హిట్టైట్ శిల్పాల తరహాది. ఏడవ శతాబ్దం గడిచేకొద్దీ అది అస్సిరియన్ సింహంగా మారిపోయింది. స్ఫింక్స్ సరేసరి, తూర్పు దేశాలనుంచి దిగినదే. అడవిలో సింహాన్ని చూసి కొరింత్ కుమ్మరి బొమ్మ వెయ్యలేదు, దిగుమతైన వస్తువుల మీద చూసి వేశాడు. అయినా అతణ్ణి అనుకర్త అని ఎవరూ అనరు. అతనిది 'ప్రాచ్యప్రభావం', ఎట్రుస్కన్ కుమ్మరిది 'అనుకరణ'. ఈ రెండు మాటల మధ్య తేడా కుండల్లో లేదు, గ్రీసు మీద యూరప్ విద్వాంసులకున్న భక్తిలో ఉంది.

అయితే ఎట్రుస్కన్ కుండలన్నీ గొప్పవని వాదించడం నా ఉద్దేశం కాదు. క్రీ.పూ. 600 దాటాక పని పలచబడింది. పెద్ద రేకుల పువ్వులతో ఖాళీలు నింపేసినవాడికి ఆ పువ్వుల పేరే మిగిలింది. మరొకడి బిరుదు 'గీరని చిత్రకారుడు': రేఖలు గీరడం మానేసి ఉత్త నల్లనీడలు వేసి వదిలాడు. చిన్న నూనెబుడ్ల మీద ఒకదాని వెనక ఒకటిగా నాలుగు పిట్టలు, మూడు దెబ్బల్లో ఒక పిట్ట. ఇలాంటి సరుకు కార్తేజ్ సమాధుల్లో, సార్డీనియాలో, ఫ్రాన్స్ దక్షిణతీరంలో బయటపడింది. ఈ దిగజారుడుకి కారణం అనుకరణే అయితే, మొదటి తరం పని ముందు చెడాలి, ఎందుకంటే కొరింత్‌కి మరీ దగ్గరగా ఉన్నది ఆ తరమే. అలా జరగలేదు. మారింది కొనేవాడు. మొదట్లో దొరవంశాల విందులకి, సమాధులకి కొద్దిగా చేసిన సరుకుని తరవాత ఓడకెక్కించడానికి వందలుగా చెయ్యవలసి వచ్చింది. లోపలి నూనెకి ధర పలుకుతుంది. బుడ్డిమీద పిట్టకి కన్నుందా లేదా అని రేవులో అడిగేవాడు లేడు. ఒక గీత మిగిలితే అంత పొద్దు మిగులుతుంది. ఇదే రోజుల్లో కొరింత్‌లోనూ ఎగుమతి బుడ్ల మీద మృగాలు సాగి, వదులై, ఖాళీలు పువ్వులతో నిండాయి. రెండుచోట్లా రోగం ఒకటే.

కుండ మీద రాత ఉంటే అది తరచు కుండే మాట్లాడినట్టు ఉంటుంది: 'మి' అంటే 'నేను' అని మొదలుపెట్టి, ఫలానా ఆయనదాన్ని అని యజమాని పేరు చెబుతుంది. చేసినవాడి ఊసు సాధారణంగా ఉండదు. గడ్డపు స్ఫింక్స్ చిత్రకారుడు ఏ కుండ మీదా తన పేరు చెప్పుకోలేదు.

పద్దెనిమిదో శతాబ్దంలో కథ తలకిందులుగా ఉండేది. ఇటలీ సమాధుల్లో దొరికిన రంగుబొమ్మల కుండలన్నీ ఎట్రుస్కన్లవే అనుకున్నారు. ఆ నమ్మకంతోనే ఇంగ్లండులో వెడ్జ్‌వుడ్ 1769లో తెరిచిన తన పింగాణీ కర్మాగారానికి 'ఎట్రూరియా' అని పేరు పెట్టుకున్నాడు. వాటిలో మేలైనవి గ్రీకువని తరవాత తేలింది. తేలడంతోనే ఎట్రుస్కన్ సరుకు విలువ పడిపోయింది. 1828 తరవాత వుల్చిలో నెపోలియన్ తమ్ముడు లూసియన్ బోనపార్ట్ తవ్వించి వేలకొద్దీ కుండలు తీసి అమ్మాడు. ఆయన పోయాక భార్య తవ్వకాలు సాగించింది. జార్జ్ డెన్నిస్ అనే ఆంగ్లేయుడు వెళ్ళి చూసిన సంగతి 1848లో పుస్తకంలో రాశాడు. బొమ్మల్లేని మోటుకుండలు, నల్లమట్టి వస్తువులు బయటికి తియ్యగానే కూలీలు నేలకేసి కొట్టి కాళ్ళతో తొక్కేస్తున్నారు. ఒకటో రెండో ఇవ్వమని బతిమాలినా ఇవ్వలేదు, పై ఆజ్ఞ అలా ఉంది. చవకసరుకు మార్కెట్టుకి రాకూడదని. నాణ్యం మీద తీర్పు చెప్పడానికి అధికారం తోడైతే ఏమవుతుందో ఆ పెంకుల కుప్ప చెబుతుంది.

ఇలాంటి చిన్నచూపు చూసిన కుండల మీద ఒక మనిషి జీవితం పెట్టాడు. యానోష్ గ్యోర్గీ సిలాగ్యి అనే హంగేరియన్ పండితుడు బుడాపెస్ట్ లలితకళా మ్యూజియంలో పనిచేస్తూ, దేశదేశాల మ్యూజియాల్లో ఉన్న ఎట్రుస్కో-కొరింథియన్ కుండల్ని ఒక్కొక్కటే పరీక్షించాడు. మేక చెవి ఎలా తిరిగింది, సింహం భుజం ఎన్ని గీతల్లో ముగిసింది అని చూసి చేతికి చేతిని వేరుచేశాడు. 1975లో హంగేరియన్‌లో పుస్తకం వేశాడు. ఇటాలియన్‌లో విస్తరించి 1992లో ఒక సంపుటం, 1998లో రెండోది తెచ్చాడు. 2016లో చనిపోయాడు. పిట్టబొమ్మల బుడ్లని కూడా ఆయన వదల్లేదు. మంచిపని, చెత్తపని అని విడదియ్యడం ఆయనకీ తెలుసు. చెత్తపని చేసినవాడికీ ఒక చెయ్యి ఉందని కూడా తెలుసు. మన విమర్శకుల్లో ఎందరం ఇంత ఓపికతో ఒక చిన్నకవిని చదివాం?

క్రీ.పూ. 550 ప్రాంతానికి ఏథెన్స్ కుండలు బజారుని ఆక్రమించాయి. ఏథెన్స్ మట్టి ఎర్రగా కాలుతుంది. లేతపసుపు మట్టిగల కొరింత్ కుమ్మరులు తమ కుండలకి నారింజరంగు పూత పూసి ఏథెన్స్ కుండల్లా కనిపించేట్టు చేశారు. అయినా నిలబడలేకపోయారు. క్రీ.పూ. 540 ప్రాంతానికి ఎట్రూరియాలో కొరింత్ పద్ధతి కూడా ఆగిపోయింది. ఒక పది పదిహేనేళ్ళకి ఏథెన్స్‌లో నికోస్థెనెస్ అనే కుమ్మరి కొత్తరకం కుండ మొదలుపెట్టాడు. వెడల్పాటి పట్టీలాంటి పిడులు, ఒంటి మీద ఉబ్బెత్తు కట్లు. ఆ రూపం గ్రీకులది కాదు, ఎట్రుస్కన్ల నల్లకుండల నుంచి తీసుకున్నది. ఆ జాతి కుండలు ఎక్కువగా దొరికింది కైరే సమాధుల్లోనే. ఎట్రుస్కన్ గిరాకీకోసం ఏథెన్స్ ఎట్రుస్కన్ రూపం చేసి పంపిందన్నమాట. నికోస్థెనెస్ చేశాడు అని సంతకం ఉన్న కుండలు నూరు దాటి దొరికాయి. అతనికి ఆ రూపాన్నిచ్చిన కైరే కుమ్మరి పేరు ఏ కుండ మీదా లేదు.