బంజరు అన్న మాట ఖరీదు

గడ్డి తప్ప ఏమీ మొలవని జాగాను మా పాలకుర్తిలో ఉత్త బంజరు అనేస్తాం. ఆ మాట ఖరీదెంతో తెలియాలంటే నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడు దాకా పోవాలి.

1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు అసద్ రహ్మానీ, రంజిత్ మనకడన్ అక్కడి గడ్డిమైదానాల్లో బట్టమేక పిట్టను అధ్యయనం చేశారు. గ్రేట్ ఇండియన్ బస్టర్డ్ అంటే ఇదే. మహా బెరుకు పిట్ట. దగ్గరగా చూడాలంటే గంటలకొద్దీ మరుగున కూర్చోవాల్సిందే.

జతకట్టే కాలంలో మగపిట్ట తోకను వీపు మీదికి ఎత్తి, గొంతు తిత్తిని గాలితో నింపి కాళ్ల దాకా వేలాడదీస్తుంది. లోతుగా మూలుగుతుంది. ఎక్కడో దూరాన ఉన్న ఆడపిట్టకు అది కనబడాలి, వినబడాలి. చూసే మనిషికి చాటు కావాలి. పిట్టకు బయలు కావాలి. మనం ఖాళీ అనుకున్నదే దాని ఆటస్థలం.

1988లో రోళ్లపాడు అభయారణ్యమైంది. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. కాపలా వల్ల కృష్ణజింకలు పెరిగి చేల మీద పడ్డాయి. రైతులకు కోపం రాదా మరి? చుట్టుపక్కలకు కాలువ నీళ్లొచ్చాయి, గడ్డినేలలు పొలాలయ్యాయి. ఆడపిట్ట పెట్టేదేమో సాధారణంగా ఒకే గుడ్డు. ఈ వేగాన్ని అది ఎట్లా అందుకుంటుంది?

ఏళ్లుగా రోళ్లపాడులో ఆ మూలుగు లేదు. దేశంలో మిగిలిన కొద్ది పిట్టలూ ఎక్కువగా రాజస్థాన్ థార్‌లోనే ఉన్నాయి.

నీళ్లు వద్దని ఎవరం అనగలం? మేమూ వాటి కోసం ఎదురుచూసినవాళ్లమే. కానీ కాగితం మీద బంజరు అని రాసేముందు, అక్కడ ఎవరైనా నిలబడి పిలుస్తున్నారేమో ఒక పొద్దు కూర్చుని చూడాలి.