చెక్కేకొద్దీ తేలే ముఖం

బొమ్మల కోసమని ఎవరూ లినోలియం తయారుచెయ్యలేదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఆయన పెయింటు డబ్బాలో అవిసె నూనె గాలి తగిలి గట్టిపడి, పైన రబ్బరులా సాగే తెట్టు కట్టడం గమనించాడు. ఆ తెట్టుకు గుగ్గిలం, కార్కు పొడి కలిపి గట్టి గుడ్డ మీద పరిచి, 1863లో పేటెంటు పుచ్చుకున్నాడు. మరుసటి ఏడే లండన్ దగ్గర స్టెయిన్స్‌లో ఫ్యాక్టరీ లేచింది. వంటిళ్లలో, ఆసుపత్రి వరండాల్లో నేలకు పరుచుకునే సరుకది.

ఆ సరుకు అచ్చుబొమ్మలు చెక్కేవాళ్ల చేతికీ చేరింది. కొయ్యకు పోగు ఉంటుంది, ఉలి దాని ఇష్టప్రకారమే నడవాలి. లినోకు ఆ బాధ లేదు, ఎటు తిప్పితే అటు తెగుతుంది. పైగా చవక. వియన్నాలో బొమ్మలు నేర్పే ఫ్రాంజ్ చిజెక్ దాన్ని చిన్నపిల్లల చేతికిచ్చి బొమ్మలు చెక్కించాడు. దాంతో పెద్ద చిత్రకారులకు అది బడిపిల్లల వ్యవహారంగా కనబడింది. ఆ చవకనే గొప్పగా చెప్పుకున్నవాడు లండన్ గ్రోవ్‌నర్ స్కూల్లో పాఠం చెప్పిన క్లాడ్ ఫ్లైట్. సామాన్యుడు సినిమా టికెట్ ధరకే బొమ్మ కొనుక్కోగలగాలని ఆయన వాదన. 1929లో లండన్‌లో లినోకట్ల, అంటే లినో మీద చెక్కి తీసిన అచ్చుల, ప్రదర్శన కూడా పెట్టాడు. మరుసటి ఏడాది మన దేశంలో నందలాల్ బోస్ కర్ర పట్టుకుని దండికి నడుస్తున్న గాంధీని లినో మీదే చెక్కాడు. నల్లటి నేల మీద తెల్లని గీతలు, అంతే.

ఫ్లైట్ రంగుల్లో వేసేవాడు గానీ, రంగుకొక దిమ్మ చెక్కేవాడు. మన పెడన కలంకారీ అద్దకంలోనూ ఇదే లెక్క: గీతకు ఒక అచ్చు, రంగుకు ఒక అచ్చు. చిక్కల్లా ఒక దిమ్మ అచ్చు మీద ఇంకో దిమ్మ అచ్చు గీటు తప్పకుండా కూర్చోవడంలోనే.

ఆ చిక్కు 1958లో పికాసోకూ ఎదురైంది. ఆయన తన బొమ్మలమ్మే కాన్వైలర్ పంపిన పోస్టుకార్డు మీద పాతకాలపు జర్మన్ చిత్రకారుడు క్రానాక్ వేసిన ఒక స్త్రీ ముఖం చూసి, దాన్ని లినోలో తనదిగా చేసుకోవాలనుకున్నాడు. దక్షిణ ఫ్రాన్సులోని వలోరిస్‌లో ఇదాల్గో ఆర్నెరా అనే అచ్చుపనివాడు తోడున్నాడు. ప్రతి రంగుకూ వేరే దిమ్మ చెక్కి 50 కాపీలు తీశారు. బొమ్మ అద్భుతంగానే వచ్చింది, కానీ పని నత్తనడక. నాకు తెలిసి పికాసోకు లేనిదల్లా ఓపికే. 1959 నుంచి ఆయన దిమ్మల లెక్క ఒకటికి తెచ్చాడు: ఒకే దిమ్మను విడతలుగా చెక్కుతూ ఒక్కో రంగూ అచ్చు వెయ్యడం. ఈ ఉపాయాన్ని ఆయనే కనిపెట్టాడని చాలామంది రాస్తారు. అంతకుముందూ ఒకరిద్దరు వాడారు. అందరికీ తెలిసింది మాత్రం ఆయన వల్లనే.

నాలుగు రంగుల ముఖం అనుకుందాం. కాగితం తెలుపే మిగలాల్సిన చోట్లు ముందు తవ్వేస్తారు: కంటిలో మెరుపు చుక్క, ముక్కు కొన మీది వెలుగు, నెరిసిన పాయ. మిగిలినదంతా లేత గోధుమ రంగు రోలర్‌తో పూసి, కావాల్సిన కాపీలన్నీ ఆ రంగులో తీసేస్తారు. అప్పటికి కాగితం మీద తెల్ల చుక్కలే గానీ ముఖం ఉండదు. ఇక గోధుమగానే ఉండాల్సిన నుదురు, చెక్కిలి ఎత్తు అదే దిమ్మ మీద చెక్కేసి, ఇటుక రంగు వేస్తారు. తర్వాత ముదురు గోధుమ: చెవి లోపలి మడత, గడ్డం కింద నీడ. చివర నలుపు వంతు వచ్చేసరికి దిమ్మ మీద జుట్టు, కనుబొమలు, కనుపాపలు, పెదాల మధ్య గీత మాత్రమే మిగులుతాయి. ఆ నలుపు పడేదాకా పోలిక రాదు. నూనె ఇంకు ఆరాలి కాబట్టి రంగుకూ రంగుకూ మధ్య రోజులు పడతాయి. అచ్చు తిరగబడుతుంది గనుక ఎడమ చెంప పుట్టుమచ్చ కుడికి పోకుండా గీతను ముందే తిప్పి దిమ్మకెక్కించాలి.

పొరపాటున కంటి మూల చెక్కేస్తే తిరిగి అతికే దారి లేదు. మొదటి రంగు మళ్లీ తీద్దామన్నా ఆ దిమ్మ ఇప్పుడు లేదు. అందుకే చిత్రకారులు దీన్ని సూసైడ్ ప్రింట్ అని ఎగతాళి చేసుకుంటారు. కాపీలు పాతికే అంటే ఇంకే అచ్చులోనైనా చిత్రకారుడి మాట నమ్మాలి. ఇక్కడ చెక్కేసిన దిమ్మే ఆ మాటకు పూచీ. దశదశకూ తీసిన అచ్చులకు విలువ కూడా అందుకే. పికాసో 1962లో దీపం కింద గాజు గ్లాసును చెక్కిన క్రమం చూపే అచ్చుల వరుస ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

మీరు మొదలుపెట్టేట్టయితే లినోను కాసేపు ఎండలో ఉంచండి, మెత్తబడి ఉలికి లొంగుతుంది. ఎడమచేతిని ఉలికి ఎదురుగా పెట్టకండి. పది కాపీలు కావాలంటే మొదటి రంగు పదిహేను కాగితాల మీద వెయ్యండి, ఎందుకంటే చెడినవాటికి బదులు తర్వాత పుట్టించలేరు.